తల్లి చంకలోని రెండో రోగి



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆవిడని మేమంతా మేడం అనే పిలిచాం. ఇప్పుడు వేదికెక్కి డిగ్రీలూ పదవులూ వరసగా చదివితే ఆవిడే ముందు వరసలోంచి "ఆ సోదంతా ఎందుకయ్యా, ఫిల్మ్ పెట్టు" అనేవారు. కాబట్టి సంతాప వాక్యాలు పక్కనపెట్టి ఫిల్మే పెడతాను. ఒక్క మాట మాత్రం ముందు చెప్పాలి. వార్డు నుంచి ఎక్స్‌రే రిక్విజిషన్ మీద "ఫ్రాక్చరా?" అని ఒక్క ముక్క రాసి పంపితే మేడం ఆ కాగితాన్ని తిప్పి పంపేవారు. బిడ్డ వయసెంత, ఏం జరిగిందన్నారు, ఎవరన్నారు, ఎప్పుడన్నారు, అన్నీ రాసి తెమ్మనేవారు. మాకు విసుగొచ్చేది. అయినా రాసుకొచ్చేవాళ్లం. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ కాగితం గురించే అనుకున్నా తప్పులేదు.

రాత్రిపూట ఏ పెద్దాసుపత్రి క్యాజువాలిటీలోనైనా కనిపించే దృశ్యం మీకు తెలియనిది కాదు. భర్త కొట్టిన దెబ్బలతో ఒకామె వస్తుంది. పెదవి చిట్లి ఉంటుంది, ముంజేయి వాచి ఉంటుంది. డ్యూటీ డాక్టరు ఎమ్మెల్సీ, అంటే మెడికో-లీగల్ కేసు కాగితం, రాస్తాడు, పోలీసులకి ఇంటిమేషన్ పంపుతాడు, చేతికి ఎక్స్‌రే రాస్తాడు. ఎక్స్‌రే గది గుమ్మం దగ్గర టెక్నీషియన్ అంటాడు: "బిడ్డని ఎవరికైనా ఇచ్చి రామ్మా." అప్పటిదాకా ఆమె రెండో చంకలో ఒక చంటిది ఉందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. బిడ్డని అత్తగారు ఎత్తుకుంటుంది, లేదా ఆయా ఎత్తుకుంటుంది. తల్లికి కట్టు కడతారు, సూది వేస్తారు, కాగితాలు చేతికిస్తారు. బిడ్డకి ఓపీ చీటీ కూడా ఉండదు. ఆసుపత్రి రికార్డు ప్రకారం ఆ రాత్రి అక్కడికి బిడ్డే రాలేదు.

నేను చెప్పదలచింది ఇంతే: ఆ బిడ్డ రెండో రోగి. ఏడాదిలోపు పిల్లయితే, ఒంటిమీద ఒక్క మచ్చ లేకపోయినా, తల్లితో పాటు ఆ బిడ్డకీ చీటీ రాయాలి, బట్టలు విప్పి తల నుంచి పాదాల దాకా చూడాలి, ఏ కొంచెం అనుమానమున్నా ఎముకల ఫిల్ములు తీయాలి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 18–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 29.3 శాతం మంది భర్త చేతిలో శారీరకంగానో లైంగికంగానో హింస పడ్డామని చెప్పారు. తెలంగాణలో అది 36.9 శాతం. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని నేర్పిన సమాజంలో పైకి చెప్పినవాళ్ల లెక్క ఇది. దెబ్బ పడే సమయానికి చంటిబిడ్డ ఎవరి చేతుల్లో ఉందన్నది ఆ అంకెలో కనపడదు. పాలు తాగే బిడ్డ ఎక్కడుంటుంది? తల్లి ఒళ్లోనే ఉంటుంది. ఆమెకి గురిపెట్టిన దెబ్బ గురి తప్పి బిడ్డకి తగలొచ్చు. ఆమెని తోస్తే బిడ్డతో సహా పడిపోవచ్చు. "నా బిడ్డని నాకియ్యి" అంటూ ఇద్దరూ చెరో పక్కనా లాగినప్పుడు చేయి మెలిపడొచ్చు. గొడవంతా అయ్యాక ఏడుపు ఆపని బిడ్డని పట్టుకుని ఊపేసే చేతులు ఇంకా ప్రమాదం. చంటిపిల్లల ఏడుపు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసుకి పతాక స్థాయికి చేరుతుంది. తలకి ఇలాంటి గాయాలు ఎక్కువగా కనిపించే వయసు దాని వెన్నంటే వస్తుంది. ఇది కాకతాళీయమని నేననుకోను.

అమెరికాలో 20 కేంద్రాలు కలిసి చేసిన ఒక అధ్యయనం 2012లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చింది. ఒక పిల్ల దెబ్బలతో ఆసుపత్రికి వచ్చినప్పుడు, అదే ఇంట్లో పెరుగుతున్న మిగతా పిల్లల్ని కూడా పిలిపించి చూశారు. రెండేళ్లలోపు వయసున్న 134 మందికి ఎముకల ఎక్స్‌రేలు తీస్తే 16 మందికి ఫ్రాక్చర్లున్నాయి. ఆ విరిగిన చోట్ల పైకి ఏ గుర్తూ లేదు. వాపు లేదు, కమిలిన మచ్చ లేదు. కవలల్లో ఒకరు దెబ్బతింటే రెండోవారికి ముప్పు మరీ ఎక్కువని కూడా తేలింది. ఆ అధ్యయనం కొట్టబడిన పిల్లల తోడబుట్టినవాళ్ల గురించి. కొట్టబడిన తల్లుల బిడ్డలకి దాన్ని యథాతథంగా అన్వయించలేం. అయితే అది నేర్పే పాఠం మనకి పనికొస్తుంది: హింస ఉన్న ఇంట్లో పెరిగే చంటిబిడ్డని పైపైన చూసి "బాగానే ఉంది" అనడానికి డాక్టరుకి హక్కు లేదు.

ఫిల్మ్‌లో హింస ఆనవాళ్లు చదివే ఈ విద్య ఎక్కణ్ణుంచి వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే మన సంకోచాలన్నీ ఆ చరిత్రలోనూ ఉన్నాయి. 1860లో పారిస్‌లో ఆంబ్రోయిజ్ టార్డ్యూ అనే ఫోరెన్సిక్ వైద్యుడు హింసకి గురైన 32 మంది పిల్లల గురించి రాశాడు. వైద్యలోకం చదివి ఊరుకుంది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాక కూడా అర్ధశతాబ్దం పాటు ఆ కిరణాలు ఈ వైపు తిరగలేదు. 1946లో న్యూయార్క్‌లో జాన్ కాఫీ, పిల్లల డాక్టరుగా మొదలై ఎక్స్‌రేలకి మారిన మనిషి, ఆరుగురు పసివాళ్ల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆరుగురికీ మెదడు పైపొర కింద నెత్తురు చేరింది. మేం సబ్‌డ్యూరల్ హెమటోమా అంటాం. ఆ పిల్లల పొడవాటి ఎముకల్ని చూస్తే అందరిలో కలిపి 23 ఫ్రాక్చర్లు. ఒక్క తల్లిదండ్రులు కూడా దానికి తగిన దెబ్బ తగిలిందని చెప్పలేదు. ఎముకల జబ్బూ లేదు. ఆ పిల్లల్లో ఒకరు తల్లిదండ్రులకి అక్కర్లేని బిడ్డ, కావాలని హింసించారా అన్న ప్రశ్న వస్తోంది, తేల్చడానికి ఆధారం చాలదు అని రాసి కాఫీ అక్కడ ఆగిపోయాడు. ఫిల్మ్ మీద ఉన్నది చెప్పాడు, ఫిల్మ్ మీద లేనిది చెప్పలేదు. ఆయన్ని పిరికివాడన్నవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ ఆగడంలో ఒక రేడియాలజిస్టు నిజాయితీ కనిపిస్తుంది.

1953లో ఫ్రెడరిక్ సిల్వర్‌మన్ ఇంకో అడుగు వేశాడు: తల్లిదండ్రులకి దెబ్బ సంగతి తెలియకపోవచ్చు, మర్చిపోయి ఉండొచ్చు, చెప్పడం ఇష్టం లేకపోవచ్చు కూడా. 1962లో డెన్వర్‌లో హెన్రీ కెంప్ బృందం, అందులో సిల్వర్‌మన్ కూడా ఉన్నాడు, ఒక ఏడాదిలో 71 ఆసుపత్రుల నుంచి 302 కేసులు సేకరించింది. 33 మంది చనిపోయారు. 85 మందికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. ఆ వ్యాసం తర్వాత నాలుగైదేళ్లలో అమెరికా రాష్ట్రాలన్నీ ఇలాంటి కేసుల్ని డాక్టర్లు తెలియజేసి తీరాలని చట్టాలు చేశాయి. టార్డ్యూ నుంచి కెంప్ దాకా నూటరెండేళ్లు పట్టింది.

ఇప్పుడు ఫిల్మ్ దగ్గరికి వద్దాం.

మూడు నెలల బిడ్డ ఛాతీని రెండు చేతులతో చుట్టి పట్టుకోండి. బొటనవేళ్లు ముందుకి, మిగతా వేళ్లు వెన్నువైపుకి వస్తాయి. అలా పట్టి గట్టిగా నొక్కితే పక్కటెముక వెనక భాగం వెన్నుపూస అడ్డకొమ్మకి ఆనుతుంది, ఆ ఆనినచోట మీటినట్టు విరుగుతుంది. అందుకే వెన్నెముక పక్కనే, ఒకదాని కింద ఒకటిగా, రెండు మూడు పక్కటెముకలు విరిగి కనిపిస్తే మేం కుర్చీలో నిటారుగా కూర్చుంటాం. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కితే ఇలా అవుతుందా అని కోర్టులో అడుగుతారు. అలా నొక్కినప్పుడు పసిపిల్లల పక్కటెముకలు విరగడమే అరుదు, విరిగినా సాధారణంగా ముందువైపునో పక్కవైపునో విరుగుతాయి. చిక్కేమిటంటే, కొత్తగా విరిగిన పక్కటెముక పక్కకి జరగదు. గీత వెంట్రుకంత సన్నగా ఉంటుంది, గుండె నీడలో కలిసిపోతుంది. మొదటి రోజు ఫిల్మ్‌లో దాన్ని చూసినవాడు అదృష్టవంతుడు. వారం, రెండు వారాలు గడిచాక విరిగినచోట అతుకు ఎముక, అంటే క్యాలస్, కడుతుంది. అప్పుడు వెన్ను పక్కన వరసగా చిన్నచిన్న బొడిపెలు తేలతాయి.

రెండోది ఇంకా గుట్టుగా ఉంటుంది. మోకాలి దగ్గర, చీలమండ దగ్గర, భుజం దగ్గర, ఎముక పెరిగే పలకకి ఆనుకుని ఉన్న కొసలో ఒక పలచటి బిళ్ల ఊడుతుంది. ఒక కోణంలో చూస్తే మూలన చిన్న పెచ్చులా ఉంటుంది, ఇంకో కోణంలో బకెట్ పిడిలా వంగి కనిపిస్తుంది. రెండూ వేర్వేరు గాయాలని చాలాకాలం అనుకున్నారు. 1986లో పాల్ క్లైన్‌మన్ బృందం మైక్రోస్కోపు కింద చూసి రెండూ ఒకటేనని తేల్చింది. కాలో చెయ్యో పట్టి లాగినా, మెలితిప్పినా, బిడ్డని ఊపినప్పుడు కాళ్లూ చేతులూ విసురుగా ఊగినా ఇది వస్తుంది. మంచం మీంచి పడితే రాదు. పైకి వాపు కూడా ఉండకపోవచ్చు. డైపర్ మార్చేటప్పుడు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది, అంతే. "కడుపునొప్పేమో" అని గ్రైప్ వాటర్ పడతారు.

ఈ రెండు గాయాలూ కనపడాలంటే ఫిల్మ్ సరిగ్గా తీయాలి. బిడ్డని పడుకోబెట్టి తల నుంచి కాలిదాకా ఒకే ప్లేటు మీద తీసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. పుట్టిన పిల్లలకి గొట్టాలు ఎక్కడున్నాయో చూడడానికి అది సరిపోతుంది. ఈ పనికి మాత్రం పనికిరాదు. పుర్రె రెండు వైపుల నుంచి, ఛాతీ ముందునుంచీ పక్కనుంచీ, పక్కటెముకలు ఏటవాలుగా రెండు వైపులా, వెన్ను, కటి, రెండు చేతులూ రెండు కాళ్లూ విడివిడిగా, అరచేతులూ పాదాలూ వేరుగా తీయాలి. ఇరవైకి పైగా ఎక్స్‌పోజర్లవుతాయి. ఒకరు బిడ్డని పట్టుకోవాలి, సీసపు ఏప్రన్ వేసుకోవాలి, మధ్యలో పాలు పట్టాలి, మళ్లీ మొదలెట్టాలి. టెక్నీషియన్లకి ఇది నచ్చని పని. వాళ్లని నేను తప్పుపట్టను. ఎందుకు తీస్తున్నారో కాగితం మీద రాయని డాక్టర్లనే తప్పుపడతాను. రేడియేషన్ భయం గురించి అడిగేవాళ్లకి చెబుతున్నాను: ఇన్ని ఫిల్ములూ కలిపినా ఆ మోతాదు తక్కువే.

తల సంగతి వేరు. పసిబిడ్డ తల శరీరం పొడవులో నాలుగోవంతు ఉంటుంది, మెడ దాన్ని ఆపలేదు. ఊపితే మెదడుకీ పైపొరకీ మధ్య వంతెనల్లా ఉండే సన్నని సిరలు తెగుతాయి. ఏడాదిలోపు పిల్లల విషయంలో అనుమానం వస్తే, నరాల లక్షణాలేమీ లేకపోయినా, సీటీ తీయమనే బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. జిల్లా ఆసుపత్రుల్లో మాడు మీంచి చేసే అల్ట్రాసౌండ్‌తో సరిపెట్టడం చూస్తున్నాను. అందులో కనిపిస్తే మంచిదే, కనపడనంత మాత్రాన లేదని రాయకండి. పుర్రె అంచున పలచగా పరుచుకున్న నెత్తురు దానికి దొరకదు. ఎమ్మారైకి మత్తు ఇవ్వాలేమోనని వెనకాడతారు. నెలల పిల్లయితే కడుపునిండా పాలిచ్చి, పొత్తిగుడ్డల్లో గట్టిగా చుట్టి, చెవుల్లో దూది పెట్టి లోపల పడుకోబెడితే చాలాసార్లు నిద్రలోనే పని అయిపోతుంది.

1999లో జామా పత్రికలో వచ్చిన లెక్క ఒకటి మన వైద్యులందరూ గుర్తుపెట్టుకోవాలి. తలకి ఇలాంటి గాయమైన 173 మంది పిల్లల్లో 54 మందిని మొదటిసారి చూసిన డాక్టర్లు గుర్తించలేదు. వాంతులనీ, జ్వరమనీ, ఏడుపనీ ఇంటికి పంపేశారు. ఎవరిని ఎక్కువగా వదిలేశారు? తెల్లజాతి పిల్లల్ని, తల్లీ తండ్రీ ఇద్దరూ కలిసి ఉన్న ఇళ్ల పిల్లల్ని. మన భాషలో చెప్పాలంటే "వాళ్లు మంచోళ్లండీ, అలా చేసే మనుషులు కారు" అన్నమాటే డాక్టరు కళ్లకి గంత కట్టింది. ఇంగ్లీషు మాట్లాడే తండ్రిని చూసి ప్రశ్న మింగేసే డాక్టరు, కూలికెళ్లే తండ్రిని చూసి కానిస్టేబుల్ అవతారమెత్తడం మన క్యాజువాలిటీల్లోనూ ఉంది.

ఇక రెండోవైపు. విరిగిన ఎముకంతా హింస కాదు. మన పిల్లల్లో విటమిన్ డి లోపం విస్తారం. రికెట్స్ ఉన్న ఎముక కొస మెత్తబడి, చిరిగినట్టుగా ఉంటుంది. తొందరపాటు కన్నుకి అది గాయంలా కనిపించొచ్చు. కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి పరీక్షలు పంపకుండా నివేదిక మీద సంతకం పెట్టొద్దు. కంటి తెల్లగుడ్డు నీలంగా ఉందేమో చూడాలి, పుర్రెలో అతుకుల మధ్య చిన్న ఎముకముక్కలు ఎక్కువగా ఉన్నాయేమో చూడాలి. ఎముకలు పుట్టుకతోనే పెళుసుగా ఉండే జబ్బుంటే అలా ఉంటాయి. పుట్టగానే విటమిన్ కె సూది వేయని బిడ్డకి నెల, రెండు నెలల వయసులో తలలో నెత్తురు దానంతటదే కారొచ్చు. ఇంట్లో కాన్పయిందా, సూది పడిందా అన్న రెండు ప్రశ్నలు ఒక తండ్రిని జైలు నుంచి తప్పించగలవు. పిరుదుల మీద, నడుం మీద మన పిల్లలకి పుట్టుకతో ఉండే నీలిమచ్చని దెబ్బ మచ్చ అనుకునే ప్రమాదం విదేశాల్లో ఉన్న మనవాళ్లకి మరీ ఎక్కువ. పుట్టినప్పటి డిశ్చార్జి కాగితంలో ఆ మచ్చ సంగతి రాయించుకోమని అమెరికా నుంచి ఫోన్ చేసే బంధువులకి చెబుతుంటాను. అమ్మమ్మ కాళ్లమీద పడుకోబెట్టుకుని నూనె రాసి, కాళ్లూ చేతులూ లాగి నీళ్లు పోసిందని కొందరు చెబుతారు. ఆ మాట వినాలి, రాసుకోవాలి. దానితో విచారణ ఆపకూడదు.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో నార్మన్ గుథ్‌కెల్చ్ జీవితం చెబుతుంది. ఇంగ్లండులో హల్ నగరంలో పనిచేసిన న్యూరోసర్జన్. పైకి దెబ్బ కనపడకుండా, ఊపడం వల్లే పసివాళ్ల తలలో నెత్తురు చేరవచ్చని 1971లో మొదట రాసినవాడు ఆయనే. తన ఊహని నిరూపితమైన సత్యంలా తీసుకుని కోర్టులు శిక్షలు వేస్తున్నాయని తొంభై దాటిన వయసులో ఆందోళనపడి మళ్లీ కలం పట్టాడు. 2016లో, నూరేళ్ల వయసులో పోయాడు. అదే ఏడాది స్వీడన్ ప్రభుత్వ సంస్థ ఒకటి, కంటిలో నెత్తురు, తలలో నెత్తురు, మెదడు వాపు అన్న మూడు గుర్తుల్ని బట్టే ఊపారని తేల్చేయడానికి శాస్త్రీయ ఆధారం చాలదని ప్రకటించింది. చాలామంది పిల్లల వైద్యులు ఆ నివేదికతో తీవ్రంగా విభేదించారు. నేను కూడా దాని లెక్కింపు పద్ధతిని పూర్తిగా ఒప్పుకోను. మూడు గుర్తులు కలిస్తే ముద్ర వేసేయడాన్ని అంతకన్నా ఒప్పుకోను. ఫిల్మ్ ఏదో జరిగిందని చెబుతుంది, సుమారుగా ఎప్పుడో చెబుతుంది. ఎవరు చేశారో, ఏ ఉద్దేశంతో చేశారో చెప్పదు.

తల్లి ఒళ్లో ఉన్న బిడ్డ విషయంలో ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. బిడ్డకి ఫ్రాక్చర్ ఉందని తేలగానే ఇంట్లో మొదట పడే నింద తల్లిమీదే. "నీ చేతుల్లో ఉండగానే కదా తగిలింది" అంటుంది అత్తగారు. ఆమెకి అసలు భయం అదే. చెబితే బిడ్డని లాక్కుంటారని, కేసు తనమీదికే తిరుగుతుందని. అందుకే "ఉయ్యాల్లోంచి పడింది" అంటుంది. ఆమెని అబద్ధాలకోరుగా రాసే కేస్‌షీట్లు నేను చూశాను. ఆమెని భర్తా, అత్తగారూ లేనిచోట కూర్చోబెట్టి అడిగారా అన్న సంగతి వాటిలో ఎక్కడా ఉండదు.

చట్టం ఆమెకి కొంత అండగా ఉంది. 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. డొమెస్టిక్ ఇన్సిడెంట్ రిపోర్టు లేదని ఆసుపత్రి వైద్యం నిరాకరించకూడదని దాని నిబంధనలు చెబుతాయి. పిల్లల తాత్కాలిక సంరక్షణ తల్లికి అప్పగించే అధికారం మేజిస్ట్రేటుకి ఉంది. బాధ్యత ఉన్నవాళ్లు పిల్లల మీద క్రూరత్వం చూపితే 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద శిక్ష ఉంది. మహిళల హెల్ప్‌లైన్ 181కి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. హింసకి గురైన మహిళల కోసం సఖి కేంద్రాలున్నాయి. తల్లి కాగితాలు మహిళల వైపు, బిడ్డ కాగితాలు బాలల వైపు వెళతాయి, ఈ రెండు దస్త్రాలూ ఒకే ఇంటివని గుర్తించే మనిషి ఆసుపత్రిలోనే ఉండాలి. ఎమ్మెల్సీ రాసే డాక్టరు "వెంట బిడ్డ ఉందా, వయసెంత, పరీక్ష చేశారా" అని ఒక వరస అదనంగా రాసుకుంటే చాలు. కొత్త జీవో అక్కర్లేదు, కొత్త మెషీనూ అక్కర్లేదు.

చివరిగా మిగిలిన చిక్కు రెండు వారాల తర్వాత తీయాల్సిన రెండో ఎక్స్‌రేది. మొదటిరోజు కనపడని పక్కటెముక రెండు వారాలకి కనపడుతుందని చెప్పాను కదా, ఆ రెండు వారాల్లో బిడ్డ ఎక్కడుంటుంది? తల్లి పుట్టింటికి వెళ్లిపోతుంది, లేదా రాజీ కుదిరి అదే ఇంటికి తిరిగి వెళుతుంది. డిశ్చార్జి కాగితం మీద "ఎముకల పరీక్షకి మళ్లీ రావాలి" అని రాస్తే అది భర్త చేతిలో పడుతుంది, ఆమె రాదు. టీకాల కోసం మాత్రం ఆ ఇల్లే పంపిస్తుంది. ఆరు వారాలకి, పది వారాలకి, పద్నాలుగు వారాలకి బిడ్డని తీసుకురావడాన్ని ఏ అత్తగారూ కాదనదు. ఆశా కార్యకర్తకి ఇల్లు తెలుసు, తల్లికి ఆమె తెలుసు. కాబట్టి విషయం తల్లికి నోటితో విడిగా చెప్పండి. తల్లీబిడ్డల కార్డు మీద తేదీ వేసి "బరువు చూడాలి" అని మాత్రం రాయండి. ఆ రోజు బరువూ చూడండి, ఫిల్మూ తీయండి.